పడవ ఎవరి పేరున ఉంది?

దోమపోటు గురించి రాస్తానని పోయిన పోస్టులో చెప్పినా. అది వచ్చే వారం. ఈ వారం కయ్యలు వదిలేసి కాలవ గట్టుకు పోదాం రండి. పోస్టు కొంచెం పొడుగు. మోటారు ఆన్ చేసి గట్టు మీద కూర్చున్నప్పుడు తీరిగ్గా చదవండి.

నాలుగు రోజుల కిందట సర్వి కట్టె బేరానికని బకింగ్‌హాం కాలవ దాటి పాలెం వైపు పోయినా. రేవు పక్కన ఒక పాత ఫైబర్ బోటు బోర్లా పడి ఉంటుంది. సునామీ తర్వాత ఇచ్చిన బోట్లలో అదొకటి. ఇన్నేళ్లుగా దాని నీడలో మేకలు పడుకోవడమే చూశా గానీ అది నీళ్లలోకి పోవడం చూడలేదు. ఆ రోజు మేకలు లేవు. ఒకాయన ముక్కుకు తువ్వాలు కట్టుకుని, గ్రైండరు పట్టుకుని దాన్ని అరగదీస్తా ఉన్నాడు. బేరం సంగతి మర్చిపోయి నేను ఒక పూట అక్కడే నిలబడిపోయా.

ఆ పని చూస్తే మీక్కూడా మన పనే గుర్తొస్తుంది. గట్టుకు గండి పడితే ఏం చేస్తాం? పైన నాలుగు పారల మట్టి వేసి తొక్కితే మళ్లీ వానకు అదే చోట తెగుతుంది. గట్టి నేల తగిలేదాకా చెక్కి, అక్కడినుంచి పొరపొరగా కట్టుకుంటా రావాలి. ఫైబరూ అంతేనంట. బీట పడ్డ చోట పైపైన అతుకు వేస్తే నిలవదు. లోపలి పొరల్లో తడి చేరి ఉంటుంది కాబట్టి గట్టి పొర వచ్చేదాకా అరగదీసి, అంచులు ఏటవాలుగా దించి, బాగా ఆరనిచ్చి, అసిటోన్‌తో తుడిచి, అప్పుడు గ్లాసు మ్యాటు ముక్కలు ఒకదాని మీద ఒకటి పరిచి ఒక్కో దానికీ రెసిన్ పట్టిస్తాడు. రోలరుతో గాలిబుడగలు బయటికి తోస్తాడు. ఒక్క బుడగ మిగిలినా అక్కడినుంచే నీళ్లు దూరతాయంట. ఎండ ముదిరితే హార్డెనరు తగ్గించాలి, లేకపోతే డబ్బాలోనే గడ్డకట్టిపోతుంది. మనం మందు కలిపేటప్పుడు చూపించని జాగ్రత్త ఆయన చూపిస్తా ఉన్నాడు.

మాటల్లో పెట్టా. యానాదుల మనిషి. యాభై దాటి ఉంటాయి. చిన్నప్పుడు వాళ్ల నాయనతో కలిసి మన కయ్యల్లో ఎలకలు పట్టినోడే. తర్వాత రొయ్యల గుంట కాడ కాపలాకు అడ్వాన్సు తీసుకుని చేరాడు. ఆ అడ్వాన్సు తీరలేదు, ఈయన అక్కడినుంచి కదల్లేకపోయాడు. కొన్నేళ్లకు ఎట్టో బయటపడి మద్రాసు కాశిమేడులో పడవలు చేసే షెడ్డులో చేరి, రెసిన్ డబ్బాలు మోస్తా మోస్తా పని నేర్చుకున్నాడు. ఇప్పుడు తీరం పొడవునా తిరిగి పాత బోట్లకు అతుకులేస్తాడు. దినకూలి.

"నీకు బోటు లేదా?" అన్నా.

"మాకు బోటు యాడిదయ్యా," అని నవ్వాడు. "ఇది ఆ పెద్దాయనది. ఆయనకు వయసైపోయింది, కొడుకులు మద్రాసులో డ్రైవర్లు. నువ్వు బాగుచేసుకుని వేట చేసుకో, పడవ పాలు నాకియ్యి అన్నాడు."

ఇంటికొచ్చినా ఆ మాట వదల్లేదు. పడవ బాగవుతుంది, సరే. దాంతోపాటు ఈ మనిషి బతుకూ బాగవుతుందా? మన తీరం చరిత్రంతా ఈ ప్రశ్న చుట్టే తిరిగిందని నాకనిపించింది. ఎట్టనో చెప్తా.

ముందు తెప్ప సంగతి. ఇప్పటి పిల్లకాయలు తెప్పను చూసి ఉండరు. తేలికైన మెత్త కొయ్య దుంగలు కొన్నిటిని పక్కపక్కన పేర్చి తాళ్లతో కట్టిందే తెప్ప. ఒక్క మేకు ఉండదు. తమిళంలో కట్టుమరం అంటారు, ఇంగ్లీషోళ్ల కాటమరాన్ అనే మాట అక్కడినుంచి పోయిందే. వేటనుంచి రాగానే కట్లు విప్పి దుంగల్ని ఇసకలో ఆరబెడతారు. మర్నాడు మళ్లీ కట్టుకుంటారు. అంటే తెప్పను బాగుచేయడమంటే ప్రత్యేకంగా ఒక రోజు పెట్టుకునే పని కాదు, రోజూ జరిగేదే. ఒక దుంగ పుచ్చితే ఆ ఒక్కదాన్నే మార్చుకుంటారు. తాడూ కత్తీ ఉంటే చాలు.

దానికన్నా పెద్దది మసులా పడవ. పలకల్ని కొబ్బరి పీచు తాడుతో బట్ట కుట్టినట్టు కుట్టి చేస్తారు. అల విసిరి ఇసక మీద కొట్టినప్పుడు మేకులు కొట్టిన పడవైతే పగిలిపోతుంది. కుట్టిన పడవ కాస్త వంగి మళ్లీ నిలుస్తుంది. మద్రాసుకు హార్బరు లేని రోజుల్లో ఓడలు దూరంగా సముద్రంలో నిలబడితే దొరల్ని, వాళ్ల పెట్టెల్ని ఒడ్డుకు చేర్చింది ఈ కుట్టు పడవలే. కుట్లు వదులైతే విప్పి మళ్లీ కుట్టేవాళ్లు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, తెప్ప పేదోడి పడవ. కాస్త సాయముంటే ఒక్క కుటుంబం దాన్ని సొంతం చేసుకోగలదు, సొంతంగా బాగుచేసుకోగలదు. పడవ పెద్దదయ్యేకొద్దీ, ఖరీదయ్యేకొద్దీ అది కొందరి చేతిలోకే పోయింది. వేటకు పోయొచ్చాక చేపల డబ్బులో పడవకు ఇన్ని పాళ్లు, వలకు ఇన్ని, ఇంజనుకు ఇన్ని, మిగిలింది ఎక్కినోళ్లకు. మన కౌలు లెక్కలాంటిదే. భూమి పాలు ముందు పోతుంది, చెమట పాలు ఆఖర్న వస్తుంది.

ఇప్పుడు కాలవ. మనం రోజూ బ్రిడ్జి మీద దాటేస్తాం గానీ ఈ ఉప్పుకాలవ ఎట్ట పుట్టిందో మనలో చాలామందికి తెలవదు. 1806లో బాసిల్ కాక్రేన్ అనే వ్యాపారి మద్రాసునుంచి ఉత్తరంగా ఎన్నూరు దాకా తవ్వించాడు, 11 మైళ్లు. 1837లో సర్కారు తీసుకుంది. తర్వాత ముక్కలు ముక్కలుగా పులికాటు దాటి, దుగరాజపట్నం, కృష్ణపట్నం మీదుగా పైకి పెరిగింది. ఉత్తరాన పెదగంజాం కాడ కొమ్మమూరు కాలవతో కలిసి కృష్ణా డెల్టా నీళ్లతో చేయి కలిపింది. దక్షిణాన మరక్కాణం దాకా పోయింది. మొత్తం దాదాపు 420 కిలోమీటర్లు, అందులో 257 మన రాష్ట్రంలోనే.

దీనికి బకింగ్‌హాం పేరెట్ట వచ్చిందో తెలుసా? ఆ పేరు వెనక ధాత కరువుంది. మన ముసలోళ్లు దారుణమైన కరువు గురించి చెప్పాలంటే ధాత కరువనేవాళ్లు. ధాత నామ సంవత్సరం, 1876లో మొదలై 1878 దాకా నడిచింది. దక్షిణాదిన, పడమట కలిపి 50 లక్షల మందికి పైగా పోయారని అంచనా. బాగా దెబ్బతిన్న జిల్లాల్లో మన నెల్లూరు ఒకటి. 1855లోనే పెన్నకు నెల్లూరు కాడ ఆనకట్ట కట్టారు, దాని కిందోళ్లు కాస్త తట్టుకున్నారనుకుందాం. మెట్ట ఊళ్ల సంగతి ఆలోచించండి.

అప్పుడు మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు. కరువు పనుల కింద జనం చేత కాలవ పని చేయించారు. మద్రాసు ఊరిలో కూవం, అడయారు నదుల మధ్య తెగి ఉన్న ముక్కను కలిపి తవ్వింది ఆ కరువు కూలీలే. ఆ తవ్వకంతో ఉత్తర కాలవ, దక్షిణ కాలవ ఒకటయ్యాయి. 1878లో మొత్తానికి గవర్నరు పేరు పెట్టారు. తవ్వినోళ్ల పేరు ఎవరు పెడతారు?

ఆ కూలీ లెక్క చూడండి. సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని కరువు ఖర్చు తగ్గించమని 1877 జనవరిలో మద్రాసుకు పంపారు. ఈయన అంతకుముందు 1873-74 బీహార్ కరువులో ధారాళంగా ఖర్చుపెట్టి చావులు ఆపినాయన. దానికి మెచ్చుకోలు రావాల్సింది, దుబారా చేశావని తిట్లొచ్చాయి. ఆ తిట్లు తుడుచుకోవడానికో ఏమో మద్రాసులో చేయి ముడిచేశాడు. రోజంతా తవ్వితే మగాడికి ఒక పౌను గింజలు, ఒక అణా. పౌనంటే ముప్పాతిక కిలో కూడా కాదు, 450 గ్రాములు. దూరం పరీక్ష అని ఇంకోటి పెట్టాడు. నిజంగా ఆకలుంటే పది మైళ్లు నడిచి పని కాడికి వస్తాడులే అని. ఆకలితో ఉన్నోడు పది మైళ్లు నడవగలడా అన్న ఆలోచన లేదు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఇదేం కూలి, ఇది తిని పలుగు ఎత్తలేరు అని పోట్లాడాడు. కొన్ని నెలలకు కూలి పెంచాల్సొచ్చింది. అప్పటికి పోయినోళ్లు పోయారు.

ఉపాధి హామీ వల్ల మనకు కూలీలు దొరకట్లేదని మనమంతా సణుగుతాం, నేనూ సణుగుతా. దాని వేర్లు ఈ కరువు పనుల్లో, తర్వాత 1880 కరువు కమిషన్ రాసిన నిబంధనల్లో ఉన్నాయి. ఆపదలో జనానికి పని చూపించడం సర్కారు బాధ్యత అన్న మాట అక్కడే గట్టిపడింది. ఈసారి సణిగే ముందు ఆ 450 గ్రాములు గుర్తుచేసుకోవాలని నాకు నేను చెప్పుకుంటా ఉన్నా.

కాలవ తవ్వాక పడవలొచ్చాయి. అడుగు బల్లపరుపుగా ఉండే పెద్ద సరుకు పడవలు. గాలుంటే తెరచాప, లేకుంటే గడ. గడ అందకపోతే గట్టు మీద తాడు భుజాన వేసుకుని ఇద్దరు ముగ్గురు గుంజుకుంటా పోవడమే. లాకుల కాడ ఆగి, నీళ్లు సమానమయ్యాక తలుపు తీస్తే దాటేవాళ్లు. మన మొలగొలుకులు, ఉప్పు కొఠార్ల ఉప్పు, గుల్ల సున్నం, శ్రీహరికోట అడవి కట్టె మద్రాసుకు పోయింది ఈ పడవల మీదే. మద్రాసు పొయ్యిల్లో చాలాకాలం మండింది శ్రీహరికోట కట్టే. మా తాత పుట్ల లెక్కన వడ్లు కాలవ గట్టు కాడ దించి, పడవ కదిలిందాకా అక్కడే కాపలా పడుకునేవాడంట. పుట్టి అంటే 850 కిలోలని మీకు చెప్పక్కర్లేదు, వేరే జిల్లా నుంచి చదివేవాళ్ల కోసం రాస్తున్నా.

ఆ పడవలకూ ఏటా బాగు ఉండేది. ఒడ్డుకు లాగి, పలకల సందుల్లో పీచు దట్టించి, గుగ్గిలం నూనెతో మరిగించి పూసేవాళ్లు. అదొక పనోళ్ల సంత. 1899లో బెజవాడ మద్రాసు రైలు లైను పూర్తయింది. వడ్లు రైలెక్కాయి. అయినా ఉప్పు, కట్టె పడవల మీదే ఇంకో యాభై అరవై ఏళ్లు నడిచాయి. లారీలొచ్చాయి, 1960ల తుపాన్లకు గట్లు తెగాయి, పూడిక పేరుకుంది, చిల్లకంప కమ్మేసింది. 2008లో దీన్ని జాతీయ జలమార్గం 4లో చేర్చారు. బోర్డుల మీద చదివాం గానీ మన ముక్కలో సరుకు పడవ నేనింకా చూడలేదు.

ఇక్కడ యానాదుల మాట చెప్పాలి. ఆ కట్టె కొట్టింది, అడవిలో తేనె, దుంపలు, వేర్లు తెచ్చి అప్పజెప్పింది శ్రీహరికోట యానాదులు. కాలవ నీళ్లలో, వాగుల్లో చేతులతో చేపలు, పీతలు పట్టుకుని బతికిందీ వాళ్లే. నీళ్ల పక్కనే పుట్టి నీళ్ల పక్కనే పోతారు, పడవ మాత్రం ఎప్పుడూ వేరేవాళ్లది. మన చేలల్లో కావలి కాసినోళ్లు, ఎలకల బొరియలు తవ్వి మన పంట కాపాడినోళ్లు. వాళ్లకు ఇంగ్లీషోడి కాలంలో నేర జాతుల చట్టం కింద దొంగల ముద్ర. ఎంత విడ్డూరమో చూడండి, ఒక చేత్తో పంటకు కాపలా పెట్టుకుంటాం, ఇంకో చేత్తో దొంగలంటాం. ఆ ముద్ర పోవాలని జీవితమంతా తిరిగిన మనిషి మన జిల్లా వెన్నెలకంటి రాఘవయ్య గారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం పోయింది, 1952లో దేశమంతా. ఆయన యానాదుల మీద ఒక పుస్తకమే రాశాడు, 1962లో వచ్చింది. 1973లో పద్మభూషణ్ ఇచ్చారు. మన ఊళ్లలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు?

1969లో శ్రీహరికోటను రాకెట్ల కోసం ఎంచుకున్నారు. దేశానికి అది గొప్పే. రాకెట్ లేస్తే మన మిద్దెల మీద నిలబడి మనం చప్పట్లు కొడతాం. దీవిలో ఉన్న యానాదులు మాత్రం అడవి వదిలి ఒడ్డుకొచ్చారు. అడవి పోయినోడికి మిగిలింది నీళ్లే, నీళ్ల మీద బతకాలంటే పడవ కావాలి. పడవ లేనోడు రొయ్యల గుంట కాడ అడ్వాన్సుకు కుదురుతాడు. వెట్టిని రద్దు చేస్తూ 1976లోనే చట్టమొచ్చింది. అయినా అడ్వాన్సు అనే మాట కింద అది ఎట్ట బతుకుతా ఉందో ఆ రోజు ఆ ఫైబరాయన చెప్పకుండానే చెప్పాడు.

ఇంక గాలివానలు. 1984 నవంబరులో శ్రీహరికోట, దుగరాజపట్నం మీద పడ్డ తుపాను చూసినోళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. 1989 నవంబరులో కావలి కాడ తీరం దాటిన గే తుపాను మాకు బాగా గుర్తు. అది మన బంగాళాఖాతంలో పుట్టింది కాదు. థాయిలాండ్ అవతల సముద్రంలో పుట్టి, అక్కడ సీక్రెస్ట్ అనే గ్యాసు తవ్వే ఓడను తిరగేసి 91 మందిని మింగి, అక్కడి వేట పడవల్ని వందల్లో ముంచి, సన్నటి నేల దాటుకుని ఇవతలికొచ్చి కావలి మీద పడింది. ఒకే గాలి రెండు సముద్రాల్లో పడవలు విరగ్గొట్టింది.

ఆ తర్వాత 2004 డిసెంబరు 26. ఆదివారం. పొద్దున ఆరున్నరకు సుమత్రా కాడ భూమి కదిలితే రెండు మూడు గంటలకు నీళ్లు మన పాలేల్లోకొచ్చాయి. రాష్ట్రంలో వంద మందికి పైగా, మన జిల్లాలోనూ కొందరు పోయారు. తమిళనాడుతో పోలిస్తే మనం బతికిపోయామనే చెప్పాలి. తెప్పలు చెల్లాచెదురయ్యాయి, వలలు పోయాయి, ఇంజన్లలో ఉప్పు నీళ్లు దూరాయి.

ఇంజను సంగతి మనకు తెలిసిందే. వరదలో మోటారు మునిగితే ఏం చేస్తాం? వెంటనే విప్పి మంచినీళ్లతో కడిగి ఆరబెడితే బతుకుతుంది, వారం వదిలేస్తే పాత ఇనుము కొట్టుకే. ఉప్పు నీళ్లయితే అంత టైము కూడా ఉండదు. కేరళలో, తమిళనాడులో చిన్న మత్స్యకారుల సంఘాలన్నీ కలిసి పెట్టుకున్న సిఫ్స్ అనే సంస్థ ఉంది, తిరువనంతపురంలో ఆఫీసు. వాళ్లకు అప్పటికే సొంతంగా పడవలు కట్టే షెడ్లున్నాయి. సునామీ అయ్యాక వాళ్లు పట్టుకున్న పని విరిగిన పడవల్ని, చెడిన ఇంజన్లను బాగుచేయడం. త్వరగా అవుతుంది, ఖర్చు తక్కువ, ఎవరి పడవ వాళ్లకొస్తుంది. కొత్త పడవ ఇచ్చి ఫొటో దిగడం తేలిక, పాతదానికి అతుకు వేసి ఫొటో దిగితే ఎవరు చూస్తారు? విరాళాలు కుప్పలుగా వచ్చాయి, తీరమంతా కొత్త ఫైబర్ బోట్లు దిగాయి. తమిళనాడులో కొన్నిచోట్ల సునామీకి ముందున్న వాటికన్నా ఎక్కువ పడవలు తేలాయి. కొన్ని నాసిరకం. అదే సముద్రం, అవే చేపలు, పడవలు మాత్రం ఎక్కువ. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ వాళ్లు కూడా ఇంక చాలు, నాణ్యత చూడండి అని మొత్తుకున్నారు.

ఆ బోట్లు ఎవరికొచ్చాయన్నది అసలు సంగతి. పోయింది ఎవరి పేరున ఉంటే వాళ్లకే నష్టపరిహారం అన్నది మామూలు లెక్క. పడవ పోయినోడికి పడవ. మరి ఆ పడవ మీద పాలుకు పోయే కూలోడికి? రేవులో చేపలు కొని తట్ట నెత్తిన పెట్టుకుని మన ఊళ్లకు నడిచొచ్చే ఆడోళ్లకు? ఉప్పుకాలవలో చేతులతో పీతలు పట్టే యానాదికి? పోయేదానికి వాళ్ల పేరున ఏమీ లేదు కాబట్టి వచ్చేదానికీ ఏమీ లేదు. అందరికీ ఏమీ రాలేదని అనను, కొన్ని సంస్థలు కూలోళ్లను గుంపులుగా చేర్చి బోట్లిచ్చాయి. అయితే గుంపు బోటు గుంపు ట్రాక్టరు లాంటిదే, ఎవడు డీజిల్ పోస్తాడు, ఎవడు బాగుచేయిస్తాడు అన్న కాడ పేచీ. రేవులో బోర్లా పడ్డ బోట్లలో కొన్ని అట్ట పడ్డవే.

ఇక్కడ నేనొక మాట చెప్పాలి. తెప్ప పోయి ఫైబరొచ్చింది మంచికా చెడుకా అని పాలెంలో అడిగితే మంచికే అంటారు. త్వరగా పోయొస్తాం, అలకు భయం తక్కువ అంటారు. నిజమే. వాళ్ల ప్రాణం వాళ్లది, ఒడ్డున కూర్చుని తెప్పే బాగుండేదని చెప్పడానికి నేనెవర్ని? నా బాధల్లా, తాడు ముడి వేసుకుని బాగుచేసుకునే పడవ పోయి, డబ్బా రెసిన్ కొనే స్తోమతుంటేనే బాగయ్యే పడవ వచ్చిందని. ఎద్దుల నాగలి పోయి ట్రాక్టరొచ్చినప్పుడు మనకు జరిగింది కూడా అదే.

పాత పడవతో మనుషుల్ని నిలబెట్టే పని బయట దేశాల్లోనూ చేస్తున్నారు. ఈవ్ మార్ అనే ఫ్రెంచాయన ఒక పాత నది బార్జీని ఫ్రాన్సునుంచి నడుపుకుంటా 1994లో బంగ్లాదేశ్ తెచ్చాడు. దాన్ని మార్చి, 2002 నుంచి బ్రహ్మపుత్ర లంకల్లో తిరిగే ఆసుపత్రి చేశారు, రూనా ఖాన్ గారి ఫ్రెండ్‌షిప్ సంస్థ నడుపుతుంది. ఏటా కోతకు గురయ్యే లంకల్లో ఆసుపత్రి కట్టినా నది ఎత్తుకుపోతుంది, తేలే ఆసుపత్రి అయితే జనం ఎటు పోతే అటు పోతుంది. అటు న్యూయార్కులో బ్రాంక్స్ అనే పేదల పేటలో రాకింగ్ ద బోట్ అని ఒక సంస్థ 1990ల చివర్నుంచి కుర్రోళ్ల చేత కొయ్య పడవలు కట్టించి, అక్కడి నదిలో వాళ్ల చేతే నడిపిస్తా ఉంది. చేతికి పని తెలిస్తే మనిషికి ధైర్యం వస్తుందని వాళ్ల నమ్మకం. మన ఫైబరాయన రోలరు తోస్తా ఉంటే నేను చూసింది కూడా ఆ ధైర్యాన్నే. ఆయన చేతికి పని వచ్చింది, కాగితం మీదికి పేరింకా రాలేదు.

కాగితం ఎందుకు అంటారా? బోటుకు రిజిస్ట్రేషన్ నంబరుంటుంది. తుపానొచ్చి బోటు పోతే డబ్బు ఆ నంబరున్నోడికి. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, ఆ రోజులకిచ్చే భృతికీ ముందు చూసేది బోటు ఉందా, దాని మీద ఎవరెవరు పోతారు అన్న జాబితానే. ఈ బోటును ఆయన అట్ట నిలబెట్టాక రేపు పెద్దాయన కొడుకులు మద్రాసునుంచి వచ్చి మా బోటు మాకియ్యమంటే, ఇయ్యాల్సిందే. నోటి మాట తప్ప ఏముంది?

"నువ్వు అడగలేదా, కాగితం రాసియ్యమని?" అన్నా నేను.

"అడిగితే ఇది కూడా ఉండదయ్యా," అన్నాడు.

ఆ మాట వినగానే నా చెవులు వేడెక్కాయి. ఎందుకో చెప్తా, దాచుకోను. నా పొలంలో రెండెకరాలు కౌలుకిచ్చా, మీలో కొందరికి తెలుసు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానొచ్చినప్పుడు ఆ రెండెకరాలూ మునిగాయి. విత్తనం అతనిది, దుక్కి అతనిది, నాటు కూలి అతను అప్పు తెచ్చి ఇచ్చింది. పాసుపుస్తకం నాది. నష్టపరిహారం నా ఖాతాలో పడింది. నేనేం చేశానో తెలుసా? నెల తర్వాత సగం ఇచ్చా. సగమే ఎందుకిచ్చావని అతను అడగలేదు. అడిగితే వచ్చే ఏడు కౌలు ఉండదని అతనికి తెలుసు. ఇచ్చిందానికి నాకు దండం కూడా పెట్టాడు.

కౌలుదారుల కోసం 2011లో ఒక చట్టమొచ్చింది, రుణ అర్హత కార్డులని ఇచ్చారు. 2019లో ఇంకోటి వచ్చింది, సాగుదారు హక్కు పత్రం, పదకొండు నెలలకు. భూమి హక్కు పోదు, పంట మీద హక్కు మాత్రం సాగు చేసినోడిది. మనమంతా ఏం చేశాం? సంతకం పెడితే భూమి పోతుందని ఒకరికొకరం చెప్పుకుని పెట్టకుండా తప్పించుకున్నాం. నేనూ అంతే. ఆ చట్టంలో యజమాని సంతకం కావాలని ఉండటం మనకు కలిసొచ్చింది. పెద్దాయన బోటు కాగితం కూడా అట్టే పెట్టెలో భద్రంగా ఉంటుంది.

మర్నాడు మళ్లీ రేవుకు పోయా. అతుకు ఆరింది, గట్టిగా తడితే పాత ఫైబరుకూ కొత్త ఫైబరుకూ శబ్దంలో తేడా లేదు. పెద్దాయన కూడా అక్కడే కర్ర పట్టుకుని కూర్చున్నాడు. పలకరించి, ఈ బోటు ఆయన నడిపినన్నాళ్లూ, పెట్టిన ఖర్చు తీరేదాకా వెనక్కి తీసుకోనని ఒక కాగితం రాయొచ్చు గదా మామా అన్నా. ఆయన నన్నొకసారి చూశాడు. "నీ కౌలుదారికి రాసిచ్చినావా?" అన్నాడు. పాలెంలో కూర్చున్నోళ్లకు మన ఊరి సంగతులు తెలవవనుకుంటాం.

అతన్ని నిన్న సాయంత్రం ఇంటికి పిలిచి ఆ మిగతా సగం ఇచ్చా. లెక్కపెట్టకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు, ఎందుకిస్తున్నావని అడగలేదు. సోమవారం పొద్దున ఇద్దరం కలిసి సచివాలయానికి పోతున్నాం. ఆధార్, పాసుపుస్తకం జిరాక్సులు తీసి పెట్టా. అక్కడినుంచి ఆ సంతకం పెట్టిన కాగితం పట్టుకుని రేవుకు పోతా, పెద్దాయనకు చూపించాలి.